తొమ్మిది గంటల లెక్క

సరిగ్గా తొమ్మిదింటికి వచ్చి, పిల్లల తలలు లెక్కపెట్టి, ఫారంలో పదకొండు అని రాశాడు తనిఖీ ఆఫీసరు. ఇరవై మంది పిల్లలు లేని బాలబడికి ప్రభుత్వం గ్రాంటు ఇవ్వదు. గ్రాంటు లేకపోతే ఈ బడికి తాళమే.

"పదకొండా?" టీచరు ఫారంలోకి తొంగిచూసింది. చంకలో ఒక పిల్ల, చున్నీ పట్టుకుని వేలాడుతూ ఇంకో పిల్ల. "మీకు లెక్కలు నేర్పిన మాస్టారు ఎవరండీ?"

"కళ్ళ ముందున్న వాళ్ళనే కదండీ రాయాలి."

"వీళ్ళ అమ్మలు షిఫ్టుల్లో పనిచేస్తారు, పిల్లలూ షిఫ్టుల్లోనే వస్తారు. రేపు పొద్దున్నే ఆరింటికి వచ్చి సాయంత్రం దాకా కూర్చోండి. అప్పుడు రాయండి మీ అంకె."

పౌరుషం పొడుచుకొచ్చిన ఆఫీసరు మర్నాడు ఆరింటికల్లా వానలో తడిసి ముద్దయి దిగాడు. ఆమె తువ్వాలు చేతికిచ్చింది. ఫ్యాక్టరీకి వెళ్ళే తల్లులు నిద్రకళ్ళ పిల్లల్ని ఆమెకు అప్పగించి పరుగులు తీస్తున్నారు. పదింటికి, రాత్రి డ్యూటీ చేసి ఇక పడుకోబోయే నర్సుల పిల్లలొచ్చారు. రెండింటికి బస్సు కండక్టర్ల పిల్లలు.

వచ్చిన ప్రతి జట్టుకీ ఆమె అదే ఏనుగు కథ మొదటినుంచీ చెప్పింది. మూడోసారి కూడా తనే ముందు నవ్వింది.

రెండు నెలలుగా నోరు విప్పని పాప ఒకతి ఉంది. "పాలా, నీళ్ళా?" అని ఆ పాపను అడిగి, జవాబు కోసం ఓపిగ్గా ఆగింది టీచరు. పాప పలకలేదు. ఆమె రెండు గ్లాసులూ ముందు పెట్టింది. ఇంత ఓపిక ఉన్న మనిషిని అతను తన జన్మలో చూడలేదు.

సాయంత్రానికి అతని కాగితం మీద ఇరవై ఆరు పేర్లున్నాయి. మనసు మాత్రం అతని దగ్గర లేదు.

ఆఫీసులో పెద్దాయన ఆ కాగితం చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు. "తొమ్మిదింటికి కదయ్యా లెక్కపెట్టాలి?"

"ఆ మాట రూల్లో ఎక్కడా లేదు సార్. రోజు మొత్తంలో హాజరైన పిల్లలనే ఉంది. మనం ఆఫీసు తెరవగానే తనిఖీకి బయల్దేరతాం కాబట్టి అదే అలవాటైపోయింది."

పెద్దాయన రూల్సు పుస్తకం తెప్పించుకుని రెండుసార్లు చదివాడు. "ముప్పై ఏళ్ళుగా నేనూ తొమ్మిదింటికే వెళ్ళాను," అని చిన్నబోయి, సంతకం పెట్టాడు.

నాలుగు వారాల తర్వాత తనిఖీ ఆఫీసరే స్వయంగా తెచ్చిన గ్రాంటు ఉత్తర్వు చేతికందగానే టీచరు గోడకానుకుని కూర్చుండిపోయింది. కళ్ళు తుడుచుకోవడానికి కూడా తీరిక లేదు, ఒళ్ళో ఇద్దరున్నారు.

"మళ్ళీ తనిఖీకి ఎప్పుడొస్తారు?" అంది.

"నేను రానండీ. ఈ బడి ఫైలు ఇంకొకరికి ఇప్పించేశాను."

ఆమె ముఖం వాడిపోయింది. "అంత విసిగించామా?"

"కాదండీ. ఫైలు నా చేతిలో ఉండగా మిమ్మల్ని అడగకూడని మాట ఒకటుంది. మీరు కాదన్నా బడికి నష్టం రాకూడదని ముందు అది వదిలించుకున్నాను."

ఆమె ఒళ్ళో పిల్లలిద్దర్నీ మెల్లగా చాప మీదకు దింపింది. లేచి నిలబడి, అతని కళ్ళలోకి సూటిగా చూసింది.

"అయితే ఆదివారం మా ఇంటికొచ్చి మా అమ్మనడగండి," అంది. "నన్నడగక్కర్లేదు. ఆ మాట మీరెప్పుడంటారా అని నాలుగు వారాలుగా ఎదురుచూస్తున్నాను."