చేప వాసన లేని కత్తి

శవం కోల్డ్ రూమ్ తలుపుకు అడ్డంగా పడి ఉంది.

చేపలూ మేకమాంసమూ శుభ్రం చేసి అమ్మే షాపు అది. చనిపోయినవాడు దాని యజమాని. పక్కటెముకల కింద ఒకే ఒక్క పోటు.

ఐసు బండివాడు ఫోన్ చేస్తే ఉదయం ఏడింటికి పోలీసులు వచ్చారు. అప్పటికే ఒకడు శవం తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అక్కడ చేపలు కోసే పనివాడు. అందరూ బక్కోడంటారు. వాడి చేతులకు మోచేతుల దాకా నెత్తురు.

వాడి పనిముట్ల పెట్టెలో చిన్న కత్తి దొరికింది. శుభ్రంగా కడిగి ఒరలో పెట్టి ఉంది. పిడి సందులో మాత్రం నెత్తురు మిగిలిపోయింది. యజమాని నెత్తురుతో గ్రూపు కలిసిందని లాబ్ చెప్పింది. పైగా ముందురోజు సాయంత్రమే, భార్య కాన్పుకు సెలవివ్వలేదని, "నీ అంతు చూస్తా" అంటూ పదిమంది ముందు ఆయన మీద అరిచాడు. ఇంకేం కావాలి? దొరికినవాడే దొంగ.

"నాలుగింటికల్లా కోర్టులో పెట్టాలి మేడమ్. డీఎస్పీ గారు మళ్ళీ ఫోన్ చేశారు," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసింది. రెండు దాటింది. తొందరపెట్టేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట.

స్టేషన్ బెంచీ మీద బక్కోడి భార్య కూర్చుని ఉంది. నెలలు నిండాయి. పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

"రాత్రంతా నాకు నొప్పులే మేడమ్. ఆరున్నర దాకా నా పక్కనే ఉన్నాడు. ఇంకెన్నిసార్లు చెప్పమంటారు?"

"ఇంకెవరైనా చూశారా?"

"మా ఇంట్లో ఉండేదే ఇద్దరం."

హత్య ఐదున్నరకూ ఆరుకూ మధ్య జరిగిందని డాక్టర్ అన్నాడు. కానీ భార్య మాట ఏ కోర్టు నమ్ముతుంది? ఇన్‌స్పెక్టర్ ఆ మాట పైకి అనలేదు. అనకపోయినా ఆ పిల్లకు అర్థమైపోయింది. ఏడుపు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది.

లాకప్‌లో బక్కోడు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏదైనా రాసుకోండి మేడమ్. సంతకం పెట్టేస్తాను. దాన్ని మాత్రం ఆస్పత్రికి పంపించండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"చంపావా?"

"లేదు."

"మరి సంతకమెందుకు?"

"లేదంటే వినేవాడెవడు?"

ఇన్‌స్పెక్టర్ లాబ్ నుంచి తిరిగొచ్చిన కత్తిని వాడి ముందు పెట్టింది.

"నీదేనా?"

"నాదే."

"ఇలాంటిదే ఎందుకు కొన్నావు?"

వాడు తెల్లబోయాడు. పొద్దుటి నుంచి వాణ్ణి ఎవరూ అడగని ప్రశ్న అది.

"మడత కత్తి చేపకు పనికిరాదు మేడమ్. మడతలో నెత్తురూ పొలుసూ ఇరుక్కుని కుళ్ళిపోతాయి. అందుకే ఇది. కోసే అలుగు నాలుగు వేళ్ళంత ఉంటే చాలు. అంతకు మించితే లోపల మొన ఎక్కడుందో చేతికి తెలీదు. తడిచేతిలో జారకుండా రబ్బరు పిడి. తుప్పు పట్టని స్టీలు. పని కాగానే కడిగి, తడితోనే ఒరలో తోసేస్తా. ప్లాస్టిక్ ఒర కదా, అడుగున చిల్లుంది, నీళ్ళు కారిపోతాయి."

"నూనె రాయవా?"

"చేపల కత్తికి నూనేంటి మేడమ్! చేపకు ఆ వాసన పట్టిందంటే కొన్నవాడు తెచ్చి నా మొహాన కొట్టడూ?"

ఇన్‌స్పెక్టర్ కత్తిని ముక్కు దగ్గర పెట్టుకుంది. రోజూ చేపలు కోసే కత్తి. చేప వాసన లేదు. సన్నగా, తియ్యగా జాజిపూల వాసన వస్తోంది.

పొద్దున తీసిన ఫొటో ఒకటి చూపించింది. కోత పలక మీద మూడు చేపలు కోసి ఉన్నాయి. నాలుగోది సగంలో ఆగిపోయింది.

"ఇవి నువ్వు కోసినవేనా?"

వాడికి అంత దుఃఖంలోనూ కోపం వచ్చింది. "ఇదా నా కోత? మొన లోతుగా దించి పిత్తం పగలగొట్టారు. పొట్టంతా పచ్చగా అయిపోయింది చూడండి. ఇలా కోస్తే మా అమ్మ చేతులు విరగ్గొట్టేది."

"జీపు తీయించు," అంది ఇన్‌స్పెక్టర్ హెడ్‌తో. "షాపుకి వెళ్తున్నాం."

"మేడమ్, కోర్టు…"

"చెప్పింది చెయ్యి."

బక్కోడి భార్యను ఆస్పత్రికి వెళ్ళమంటే కదలనంది. ఆమెనూ జీపులో కూర్చోబెట్టారు.

షాపు తాళాలు యజమాని కాక ముగ్గురి దగ్గరుంటాయి. బక్కోడు, ఐసు బండివాడు, యజమాని బావమరిది. ముగ్గుర్నీ పలక ముందు నిలబెట్టింది. బక్కోడి కత్తిలాంటిదే ఒరతో సహా కొత్త కత్తి ఒకటీ, చేప ఒకటీ తలా ఇచ్చింది.

"కొయ్యండి."

"నేను కౌంటర్‌లో కూర్చునే మనిషిని మేడమ్," అన్నాడు బావమరిది. "కత్తి పట్టడమే రాదు నాకు." పాపిడి తీసి నున్నగా దువ్విన తల. బావ పోయిన రోజు కూడా క్రాపు చెదరలేదు.

"వచ్చినట్టే కొయ్యి."

ఐసు బండివాడు కోసి కత్తిని బకెట్లో పడేశాడు. బక్కోడికి బేడీలు తీశారు. కోత తిన్నగా నడిచింది. కడిగాడు. తడితోనే ఒరలో తోశాడు.

బావమరిది నానా తంటాలు పడ్డాడు. చేప రెండుసార్లు జారిపడింది. చివరికి ఎలాగో అయిందనిపించాడు. గండం గడిచినట్టు ఊపిరి వదిలాడు. కత్తి కడిగాడు. రెండు వైపులా ప్యాంటుకు తుడిచాడు. అలుగును బల్లపరుపుగా చెవి పైన జుట్టు మీద ఈ వైపొకసారి, ఆ వైపొకసారి నిమిరాడు. ఒరలో పెట్టాడు.

ఇన్‌స్పెక్టర్ ఆ కత్తిని ఒరలోంచి మళ్ళీ బయటికి లాగింది.

"తలకెందుకు రాశావు?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"దేన్ని?"

"కత్తిని."

వాడి చెయ్యి గబుక్కున చెవి దగ్గరికి పోయి ఆగిపోయింది.

"తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. కత్తి పట్టిన చెయ్యీ అంతే. కొయ్యడం రానట్టు నటించావు. కోశాక చేసే పని మాత్రం మరిచిపోలేకపోయావు. వేటగాళ్ళ కత్తి తుప్పు పట్టే స్టీలు. పైగా తోలు ఒర. తడితో పెడితే తెల్లారేసరికి పాడవుతుంది. అడవిలో నూనె డబ్బా ఎక్కడిది? తలనూనే గతి. పొద్దున బక్కోడి కత్తికి రాసిందీ అదే జాజినూనె. లాబ్ వాళ్ళు నెత్తురు కోసమే వెతికారు. వాసన ఎవరూ చూడలేదు."

"వేటా? నేనా?"

"హెడ్, కోల్డ్ రూమ్‌లో ఐసు మూటలన్నీ ఎత్తించు."

ఆఖరి మూట కింద జింక తోలు బయటపడింది. చంపితే జైలుకెళ్ళే రకం.

బావమరిది అలాగే నేల మీద కూలబడ్డాడు. "ఆ తోలు మా బావ కంటపడింది, ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను మేడమ్. ఆయన వినలేదు. పోలీసులకు చెప్తానని ఫోన్ తీశాడు. కత్తి పలక మీదే ఉంది…"

"తొమ్మిదికి గానీ రాని మీ బావ ఐదున్నరకు ఎందుకొచ్చాడు?"

వాడు తల వంచుకున్నాడు. "చేపలు కొయ్యడానికి. 'బక్కోణ్ణి ఊరికే తిట్టాను, పాపం వాడి పెళ్ళానికి నెలలు నిండాయి. ఈ వారం నేనే కోస్తా, వాడొస్తే వెనక్కి పంపించేస్తా' అన్నాడు."

బక్కోడు పలక వైపు తిరిగాడు. పిత్తం పగిలిన మూడు చేపలూ, సగం కోసిన నాలుగోదీ పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాయి. ఈగలు ముసురుతున్నాయి. వాటిని చేత్తో తోలాడు. తోలుతూనే ఉన్నాడు.

బయట జీపులోంచి కేక వినిపించింది.

"మేడమ్, ఆమెకు నొప్పులొస్తున్నాయి!" అరిచాడు డ్రైవర్.

"పద," అంది ఇన్‌స్పెక్టర్ బక్కోడి భుజం పట్టుకుని. "నిన్నింకెవరూ ఆపరు. పద."

వాడు కదిలాడు. గుమ్మం దగ్గర ఆగాడు. పలక వైపు వెనక్కి చూశాడు.

"నీ అంతు చూస్తానన్నాను మేడమ్. ఆయనతో నేనన్న ఆఖరి మాట అదే."

ఇన్‌స్పెక్టర్ వాణ్ణి బయటికి నడిపించింది. జీపు తలుపు తీసి వాణ్ణి భార్య పక్కన కూర్చోబెట్టింది. ఆస్పత్రికి పోనివ్వమని డ్రైవర్‌తో చెప్పింది.