మూడు కెమెరాలు, నాలుగు క్లిప్పులు

పెళ్ళిళ్ళ వీడియోలు తీసి తీసి విసిగిపోయిన మనిషి అతను. ఈ ఏడాదైనా సొంతంగా ఒక చిన్న సినిమా తీసి తీరాలని పంతం పట్టాడు. చూసినవాళ్ళు వీడియో అనకూడదు, సినిమా అనాలి. అందుకని ఏది పనికొస్తుందో చూసుకోడానికి మూడు డిజిటల్ కెమెరాలు అడిగి తెచ్చుకున్నాడు. సాయంత్రం ఆరింటికల్లా ఒకటి ఉంచుకుని మిగతా రెండూ తిరిగిచ్చెయ్యాలి.

స్టూడియో అంటే రెండు గదులు. ముందు గదిలో కంప్యూటరు. వెనక గదికి ఉన్న ఒక్క కిటికీకీ నల్లగుడ్డ పెట్టి మేకులు కొట్టాడు. బయట ఎండ మండిపోతున్నా, లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. ముక్కిపోయిన గుడ్డ వాసన, బల్బు మీద దుమ్ము కాలే వాసన. ఒక కుర్చీ, పక్కన చిన్న టేబుల్ లైటు. కుర్చీలో భార్య.

కదలొద్దన్నాడు, నవ్వొద్దన్నాడు. ఒక్కో కెమెరాకి అర నిమిషం. అదే కుర్చీ, అదే వెలుగు, అదే మొహం. కుట్టుమిషను దగ్గర్నించి లేపుకొచ్చాడేమో, భుజం మీద దారప్పోగు కూడా దులుపుకోలేదామె.

"పెళ్ళయిన ఆరేళ్ళలో నువ్వు నన్నింతసేపు చూడటం ఇదే మొదలు. అదీ ఆ లెన్సులోంచి."

అతను నవ్వలేదు. మెడ కొంచెం ఎడమకి తిప్పమన్నాడు.

మూడూ అయ్యాక, మళ్ళీ అవసరం పడొచ్చు, కూర్చోమని చెప్పి కెమెరాలన్నీ ముందు గదిలోకి తెచ్చుకున్నాడు. క్లిప్పులు కంప్యూటర్లోకి ఎక్కిస్తూ, ఫోన్లో స్నేహితుడితో లెన్సుల గురించి వాదిస్తూ పావుగంట గడిపాడు. వెనక గదిలో మనిషి కూర్చుని ఉందన్న ధ్యాసే లేదు.

మొదటి దాంట్లో ఆమె టీవీలో వార్తలు చదువుతున్నట్టుంది. వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. రెండో దాంట్లో చర్మానికి మైనం పూసినట్టుంది. మూడోది నయమే గానీ నీడల్లో చీమలు పాకుతున్నట్టు చుక్కలు. ఉసూరుమంటూ తర్వాతది నొక్కాడు.

నొక్కాక తట్టింది. మూడు కెమెరాలకి నాలుగో క్లిప్పు ఎక్కడిది?

కానీ కళ్ళు తిప్పుకోలేకపోయాడు. వెలుగు ఆమె చెంప మీద వెన్నలా కరుగుతోంది. వెనకాల చీకటి ఊపిరి తీస్తున్నట్టుంది. ఇన్నేళ్ళూ అతను కలగన్న సినిమా అదే. ఆమె లెన్సులోకి చూడటం లేదు. దాని వెనక నిలబడ్డవాణ్ణి చూస్తోంది... పెళ్ళికి ముందు బస్టాపులో తనని చూసిన చూపు అది.

పిలిచాడు. వచ్చింది. బుగ్గలు కందిపోయి ఉన్నాయి.

"ఇదెవరు తీశారు?"

"అదేంటి, నువ్వే మళ్ళీ వచ్చావుగా. లైటు ఆర్పేశావు. చేతిలో కెమెరా కూడా లేదు. ఊరికే నిలబడి చూశావు." గొంతు తగ్గించింది. "ఈ చీకట్లో ఏం కనిపిస్తానంటే, నువ్వొక్కదానివే కనిపిస్తున్నావన్నావు."

అతను వెనక గదివైపు చూశాడు. తను వెళ్ళలేదు. ఆ గదికి వేరే తలుపు లేదు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని ఎండలోకి లాక్కుపోవాల్సిన క్షణం అది.

మళ్ళీ తెరవైపు చూశాడు. ఆశ ఆ మాటని మింగేసింది.

"ఇంకొక్కసారి... అలాగే కూర్చుంటావా?"

ఆమె జుట్టు సవరించుకుంటూ వెళ్ళింది. లైటు వెయ్యలేదు. తలుపు తనే మూసుకుంది.

అతను తలుపుకి చెవి ఆనించాడు. కుర్చీ కిర్రుమంది... చీర సవ్వడి... చిన్న నవ్వు. తర్వాత గుసగుసలు. ఒక గొంతు ఆమెది. రెండోది... తనదే.

తలుపు తోశాడు. చీకటి. పిలిచాడు. పలకలేదు. గోడలు తడుముకుంటూ వెళ్ళి లైటు వేశాడు.

కుర్చీ ఖాళీ. కిటికీకి గుడ్డ, మేకులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

కాళ్ళీడ్చుకుంటూ ముందు గదికి వచ్చేసరికి తెర మీద ఐదో క్లిప్పు నడుస్తోంది.

అందులో కుర్చీ లేదు. లోపలినించి తీసిన, మూసి ఉన్న తలుపు. కింద సందులోంచి వెలుగు. ఆ వెలుగులో రెండు పాదాల నీడ, కాచుకుని. తలుపు తెరుచుకుంది. ఒక మనిషి గుడ్డివాడిలా చేతులు చాపి తడుముకుంటూ వచ్చాడు. ఎంత అందంగా పడిందో ఆ బొమ్మ. నుదుటి మీద చెమట కూడా ముత్యాల్లా మెరిసింది. మూరెడు దూరంలో ఆ మొహం ఆగింది. నోరు కదిలింది. ఎవర్నో పిలుస్తున్నాడు.

కెమెరా వెనకనించి ఆమె గొంతు, గోముగా, పక్కవాణ్ణి అడిగింది.

"ఎవరతను?"