బోర్లించిన కంచాలు

ఆ రోజు పొద్దున అశోక్‌నగర్‌లో విద్యాసాగర్ గారింట్లో గొడవ మొదలైంది కంచాల దగ్గర. ఉప్మా తిందామని కూర్చున్న మనిషికి బల్ల మీద మూడు కంచాలూ బోర్లించి కనిపించాయి.

"ఇదేంది, కొత్త పద్ధతి?" అన్నాడాయన.

"దుమ్ము పడకుండ," అంది భార్య రాజకుమారి. "ఎనభై ఏండ్ల కింద అమెరికాల దుమ్ము తుఫాన్లు వచ్చినప్పుడు ఆడోళ్లు ఇట్లనే పెట్టేటోళ్లట. వడ్డించేటప్పుడే తిప్పేటోళ్లట. కిటికీలకు తడిబట్టలు కట్టినా మన్ను లోపలికొచ్చేదట, పాపం."

విద్యాసాగర్ ముప్పయ్యేళ్లు హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. భార్య నోట అమెరికా మాట ఎప్పుడూ వినలేదు. "నీకెవరు చెప్పిండ్రు?"

రాజకుమారి నాలుక్కరుచుకుంది. కూతురు సంయుక్త ముఖం పక్కకు తిప్పుకుంది. ఇంకేముంది, దొంగ దొరికిపోయింది.

2012లో సంగతి ఇది. సంయుక్త రాయబోయే గ్రూప్ వన్ పరీక్షకు ఇంకా రెండు నెలలే ఉంది. ఆ పిల్ల గైడ్ల కింద చున్నీ చుట్టి దాచిన పుస్తకాన్ని ఆయన బయటికి లాగాడు. అమెరికా చరిత్ర మీద ఇంగ్లిషు వ్యాసాలు, లోపల చిక్కడపల్లి లైబ్రరీ ముద్ర.

"ఇది సిలబస్‌ల ఉన్నదా?"

"లేదు నాన్న. మంచిగ రాసిండ్రని చదువుతున్న." సంయుక్త గైడ్ల వైపు చెయ్యి చూపించింది. "దినమంతా గైడ్లే గద. సాయంత్రం అమ్మ కూరగాయలు తరిగేటప్పుడు ఒక్క గంట ఇది చదివి తెలుగుల చెప్త. ఆ గంట గూడ లేకుంటే నాకు పుస్తకమంటేనే విరక్తి పుడ్తది."

"నౌకరి కావాల్నా, టైంపాస్ కావాల్నా? చరిత్ర అంటే కారణాలు, ఫలితాలు. పాయింట్లు రాస్తే మార్కులు పడ్తయి. ఇయ్యాల్నే వాపస్ ఇచ్చేస్త. లైబ్రరీ కార్డు గూడ నా దగ్గర్నే ఉంటది."

రాజకుమారి పొయ్యి ఆర్పేసి వచ్చింది. "ముప్పై నాలుగేండ్ల సంది హిస్టరీ సారు పెండ్లాన్ని. ఒక్కనాడన్న నాకు ఒక్క ముచ్చట చెప్పిండ్రా? బిడ్డ చెప్తుంటే అది గూడ ఓర్వరా?"

ఆయన పుస్తకం సంచిలో వేసుకుని, ఉప్మా ముట్టకుండానే బయల్దేరాడు. కోపమొస్తే తిండి మీద అలగడం ఆయనకు పెళ్లైన నాటి నుంచీ ఉన్నదే. ఇంట్లో ఎవరూ పట్టించుకోరు.

లైబ్రరీలో పుస్తకాలు తీసుకునే మనిషి ఇంకా రాలేదు. చుట్టూ హాస్టల్ పిల్లలు గైడ్లు ముందేసుకుని బట్టీ పడుతున్నారు. ఇందులో అంత ఏముందో చూద్దామని ఆయన బెంచీ మీద కూర్చుని తెరిచాడు. దుమ్ము తుఫాన్ల వ్యాసమే వచ్చింది. ఒక తల్లి బిడ్డ మూతికి తడిగుడ్డ కట్టి పడుకోబెట్టింది. తెల్లారి లేచి చూస్తే దిండంతా మన్ను, బిడ్డ తల ఆనిన చోట మాత్రమే తెల్లగా ఉంది.

ఆయన అక్కడ ఆగి అద్దాలు తుడుచుకున్నాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. రాసినవాళ్లకు తొందర లేదు, గొప్పలు లేవు, పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంది. తర్వాత కాలువ తవ్విన కూలీల వ్యాసం చదివాడు, ఆ తర్వాత ఇంకొకటి. లైబ్రరీ మనిషి ఎప్పుడొచ్చాడో కూడా ఆయన చూడలేదు.

ఫోన్ మోగింది. "రెండైంది. అన్నానికి వస్తరా, అలక ఇంక ఉన్నదా?" అంది రాజకుమారి.

ఇంటికొచ్చి ఆయన పుస్తకం తీసి కూతురి ముందు పెట్టాడు.

"వాపస్ ఇయ్యలేదా నాన్న?"

"ఆ దుమ్ము తుఫాన్ల కరువును నేను ముప్పయ్యేండ్లు మూడు పాయింట్ల చెప్పిన బిడ్డా. వానల్లేవు, మన్ను ఎగిరిపోయింది, జనం వలసపోయిండ్రు. పిల్లలు రాసుకున్నరు, మర్చిపోయిండ్రు. ఆ దిండు సంగతి నాకే తెల్వదు. తెలిస్తే చెప్పకపోదునా?" ఆయన కళ్లు నిండాయి. "పొద్దంతా గైడ్లు చదువు. సాయంత్రం గంట నీదే, నేను అడ్డం రాను."

సంయుక్త తండ్రి చేయి పట్టుకుంది.

సాయంత్రం రాజకుమారి కూరకు గోకరకాయలు ముందేసుకుని కూతుర్ని పిలిచింది. పుస్తకం పట్టుకుని వచ్చింది మాత్రం విద్యాసాగర్. కూర్చుని, గొంతు సవరించుకుని, ఒక వ్యాసం చదివి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు.

"జర మెల్లగ చెప్పుండ్రి," అంది రాజకుమారి కొంగుతో కళ్లొత్తుకుంటూ. "బెల్లు కొట్టంగనే ఉరికేదాన్ని కాదు నేను."

ఆయన నవ్వి, మళ్లీ మొదటి వాక్యం నుంచి అందుకున్నాడు.