నాయన చేతి మాట

గుడియాత్తంలో ఆ నేతవీధికి కోడికూతతో పనిలేదు. తెల్లవారకముందే ఎవరో ఒకరు మగ్గం గుంటలో దిగుతారు, ఆ టకటకలకే మిగతా వీధి లేస్తుంది. అన్ని మగ్గాలూ అందుకున్నాక ఇక మాటకు మాట వినబడదు. అందుకే అక్కడి పిల్లలు మాటలతో పాటే చేతి సైగలూ నేర్చుకుంటారు. బొటనవేలు పెదవి దగ్గర పెడితే నీళ్ళు కావాలని. రెండు వేళ్ళు గిరగిరా తిప్పితే నూలు చుట్టిన కండెలు అయిపోయాయని. పిడికిలి బిగించి, మెల్లగా విప్పి, అరచెయ్యి కిందికి వాల్చితే మగ్గం ఆపెయ్యమని, ఇవాళ్టికి చాలని. పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెను లాగే తాడు పిడిని వదిలేసినట్టు ఉంటుంది ఆ సైగ. ఆ వీధిలో అత్తాకోడళ్ళు పోట్లాటలు కూడా చేతులతోనే కానిచ్చేస్తారని పక్క వీధులవాళ్ళు ఎగతాళి చేస్తారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ ఉదయం పొన్నమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. వాటిని వాడే మనిషి మాత్రం ఇంట్లో లేడు. భర్త వరదప్ప వేలూరు పెద్దాసుపత్రిలో ఉన్నాడు. సగం నేసిన లుంగీ మీద కప్పిన పాత దుప్పటి అలాగే ఉంది.

"ఎవురికోసరం మ్మా ఆ కండెలు?" అంది కూతురు అమరావతి, టిఫిను క్యారియరు మూత బిగిస్తూ.

"చేతులు ఊరికే ఉండమంటే ఉంటాయా? నువ్వు బస్సు సంగతి చూడు. ఈరోజు నేనూ వస్తా."

"అన్న వద్దన్నాడు కదా. మిషను వార్డులో ఒగరినే వదుల్తారంట."

"వదలకుంటే గడప కాడ కూచుంటా. నా మొగుడుండే ఆసుపత్రికి నేను పోయేదానికి ఎవురి పర్మిషను కావల్ల?"

అమరావతి క్యారియరు అందుకుని లేచింది. రాష్ట్రాలు విడగొట్టినప్పుడు ఆమె పుట్టిల్లు ఈ పక్కా, అత్తిల్లు చిత్తూరు పక్కా పడ్డాయి. ఏ ఊరు ఎటు పోతుందని వీధంతా గొంతులు చించుకుంటుంటే వరదప్ప తలెత్తకుండా, "యాడ కలిపినా నూలు ధర తగ్గదు లేబ్బా, పని చూసుకోండి" అన్నాడట. మద్రాసు రాష్ట్రం పేరు తమిళనాడుగా మారినప్పుడూ ఆ మాటే అన్నాడు. అలాంటి చమత్కారపు గొంతు ముందు బొంగురుపోయింది, తర్వాత అన్నం దిగనన్నది. క్యాన్సరు అన్నారు డాక్టర్లు. రేడియేషను, వీధివాళ్ళ మాటలో కరెంటు, పెట్టించారు. కొన్నాళ్ళు నయమనిపించి మళ్ళీ తిరగబెట్టింది, ఈసారి ఊపిరితిత్తుల్లోకి పాకింది. వరదప్పకు మాత్రం "గొంతులో పుండు" అనే చెప్పారు. ఆయన కూడా మారు ప్రశ్న వెయ్యలేదు.

పోయిన వారం ఊపిరి ఆడక కళ్ళు తేలేస్తే హడావిడిగా వేలూరు తీసుకుపోయారు. అక్కడ గొంతు కింద రంధ్రం చేసి గొట్టం పెట్టారు. ఊపిరి అందింది గానీ మాట పోయింది. ఆ తర్వాత ఊపిరితిత్తులకు నెమ్ము చేసి, ఆ గొట్టానికే ఊపిరి మిషను తగిలించారు. అప్పటినుంచీ లోపలికి వెళ్ళేది కొడుకు రంగనాథన్ ఒక్కడే. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో లెక్కలు రాసే ఉద్యోగానికి సెలవు పెట్టి ఆ వరండాలోనే పడి ఉంటున్నాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "నాయన బాగుండాడు మ్మా. నీళ్ళడిగినాడు."

నిన్న సాయంత్రం మాత్రం ఇంకో మాట చెప్పాడు. కడుపుకి రంధ్రం చేసి దాన్లోంచి ఆహారం పోసేదానికి ఇంకో ఆపరేషను ఉందట. మిషను కూడా ఉంచుతారట. ఇవాళ సంతకం పెట్టాలట. మళ్ళీ మళ్ళీ కొయ్యడమేమిటని పొన్నమ్మకు రాత్రంతా కన్ను మూతపడలేదు.

తల్లీకూతుళ్ళు వేలూరు చేరేసరికి ఎండ ముదిరింది. రంగనాథన్ మందుల కోసం కిందికి వెళ్ళాడని వరండాలో ఉన్నవాళ్ళు చెప్పారు. పొన్నమ్మ బెంచీ మీద కూలబడింది. తలుపు దగ్గర నిలబడ్డ మలయాళీ సిస్టరు అమరావతిని చూసి, "కూతురా? పో, పో. మీ అన్న వచ్చేలోగా చూసి వచ్చెయ్" అని తమిళంలో అంది.

అమరావతి లోపలికి వెళ్ళి ఒక్క క్షణం తండ్రిని గుర్తుపట్టలేకపోయింది. మంచం మీద పరిచిన దుప్పటిలో మనిషి ఉన్నాడో లేడో అన్నంత చిక్కిపోయాడు. ముక్కులో ఒక గొట్టం, గొంతులో ఒక గొట్టం. మిషను బుస్సుమన్నప్పుడల్లా ఆ ఎముకల గూడు లేచి పడుతోంది. రెండు చేతులనూ గుడ్డ పట్టీలతో మంచం కమ్ములకు కట్టేశారు.

"అయ్యో, కట్టేసినారేమి సిస్టర్?"

"గొట్టం పీకేసుకుంటాడు. దగ్గర మనిషి ఉండి చెయ్యి పట్టుకుంటే విప్పొచ్చు. మీ అన్నకూ చెప్పాను. కట్టే ఉండనీ అన్నాడు." సిస్టరు కుడిచేతి పట్టీ విప్పింది. "చెయ్యి వదిలితే ఏదో అడుగుతాడు. నీళ్ళట, మీ అన్న చెప్పాడు. దూదితో పెదవులు తడుపుతాం. తడిపితే మొహం తిప్పేసుకుంటాడు."

వరదప్ప కళ్ళు తెరిచాడు. కూతుర్ని చూశాడు. ఆ కళ్ళలో తెలివి చెక్కుచెదరలేదు. విడిపించిన చెయ్యి మెల్లగా గాలిలోకి లేచింది. పిడికిలి బిగిసింది. విప్పుకుంది. అరచెయ్యి కిందికి వాలింది.

ఆయన మళ్ళీ చేశాడు. బొటనవేలు పెదవి దరిదాపులకు కూడా పోలేదు.

"నాయనా," అంది వంగి, "చాలంటావా? మిషను ఆపెయ్యమంటావా?"

వరదప్ప కళ్ళు మూసి తెరిచాడు. కంటికొసన నీళ్ళు చెవి మీదికి జారాయి.

"ఇంటికి పోతామా?"

ఈసారి ఆయన కూతురి వేళ్ళు పట్టుకున్నాడు. అంత బలం ఆ చేతిలో ఇంకా ఉందని ఆమె అనుకోలేదు.

అమరావతి బయటికి వచ్చేసరికి మందుల పొట్లంతో రంగనాథన్ మెట్లెక్కి వస్తున్నాడు. తల్లిని చూసి గతుక్కుమన్నాడు. చెల్లెలి మొహం చూసి అక్కడే ఆగిపోయాడు.

"నాయన అడిగేది నీళ్ళా అన్నా?"

అతను పొట్లం ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"ఆ వీదిలో పుట్టి పెరిగినోడివి. మగ్గం ఆపమనేదానికీ నీళ్ళకూ తేడా తెలీదా నీకు? ఎన్నాళ్ళనుంచి అడగతా ఉండాడు?"

"మెల్లగా మాట్లాడు అమరా..."

"మెల్లగా ఏమి మాట్లాడేది? నాయన గొంతు ఎట్లాగూ పోయింది. చెయ్యన్నా మాట్లాడతాదంటే దాన్నీ కట్టేపిచ్చినావే! నీకు చేతులెట్లా వచ్చినాయన్నా?"

వరండాలోవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఎవరి బాధ వాళ్ళకున్నా, పక్కవాళ్ళ గొడవ వినడానికి చెవులు ఖాళీగానే ఉంటాయి. రంగనాథన్ పొట్లం బెంచీ మీద పెట్టి, తల గోడకు ఆనించి నిలబడ్డాడు.

"తెలుసు," అన్నాడు చివరికి. "మొదటి దినమే తెలిసింది. ఏమంటాడు మీ నాయన అని సిస్టర్ అడిగింది. నీళ్ళు అనేసినా. నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకే తెలీదు. ఒగసారి చెప్పినాక ఇంగ తిప్పుకోలేకపోయినా."

"డాక్టర్ ఏమన్నాడు నీతో?"

"మిషను తీస్తే ఒగటి రెండు దినాలంట. పెట్టినా జబ్బు ఆగదంట, కొన్నాళ్ళు జరగతాదంట. నీ ఇష్టం, మీ నాయన ఏమంటాడో కనుక్కో అన్నాడు. తెలివిగా ఉండాడు కదా, ఆయన్నే అడుగు అన్నాడు." అతను తల తిప్పి చెల్లెల్ని చూశాడు. "నేను పోయి అడిగితే నాయన మళ్ళీ ఆ సైగే చేస్తాడు. చేస్తే నేను కాగితం మీద సంతకం పెట్టల్ల. నాయన్ని చంపమని నేను సంతకం పెట్టల్ల! రేపు కొరివి పెట్టల్సిందీ నేనే. సంతకం పెట్టిన చేత్తోనే కొరివి పెట్టమంటావా అమరా? నువ్వైతే పెడతావా?"

అమరావతి అన్నకేసి చూసింది. ఇంతసేపూ అన్న మీద రగిలిన కోపం ఏమైందో తెలియలేదు. వారం రోజులుగా గడ్డం పెరిగి, చొక్కా మాసిపోయి, తిండి లేక కళ్ళు లోతుకుపోయిన మనిషి ఇప్పుడే మొదటిసారి కనిపించినట్టయింది ఆమెకు.

అప్పటిదాకా బెంచీ మీద కూర్చుని విన్న పొన్నమ్మ లేచి నిలబడింది.

"రంగా, ఇట్లా రా."

అతను తలొంచుకుని వచ్చాడు.

"ఆయన చాలన్నాడా?"

"అన్నాడు మ్మా."

"దానికి నన్ను యాల అడగలేదు మీరు? నువ్వు కొడుకువి, అది కూతురు. ఇంటి కాడ ముసిల్ది కండెలు చుట్టుకుంటా ఉంటాది లే అనుకుంటిరా? ఆయనతో ముప్పై ఏండ్ల పైన కాపరం చేసింది నేను. తాళి ఉండేది నా మెడలో."

"నువ్వు తట్టుకోలేవని..."

"నేను తట్టుకోలేనా? మీరు పుట్టకముందే ఇద్దురు బిడ్డల్ని మన్నులో పెట్టినా నేను. నువ్వు చెప్పేది నాకు ధైర్యం చాలదని కాదు, నీకు చాలదని." ఆ మాట అంటూనే ఆమె కొడుకు గడ్డం నిమిరింది. "చాలదు లే నాయనా. తండ్రి గురించి ఆ మాట చెప్పేదానికి ఏ కొడుక్కీ చాలదు. కొరివి పెట్టే చెయ్యి నీది. దాంతో నువ్వు సంతకం పెట్టొద్దు. ఆ కాగితం నా కాడికి తెమ్మను. వేలిముద్ర నేనేస్తా."

"అమ్మా!"

"పోయి పిలుచుకోని రాపో డాక్టర్ని."

డాక్టరు వచ్చాడు. కాగితం ముందు పెట్టకుండా, ముందు ముగ్గురినీ వెంటబెట్టుకుని వరదప్ప దగ్గరికి వెళ్ళాడు. కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుని, తమిళంలో, పొన్నమ్మకు కూడా అర్థమయ్యేంత నిదానంగా అన్నీ చెప్పాడు. ఇది పుండు కాదని, క్యాన్సరని, తగ్గదని. కడుపుకి ఆపరేషను చేసి మిషను మీద ఉంచొచ్చని. లేకపోతే మిషను తీసేసి, నొప్పి తెలియకుండా ఇంజెక్షను ఇచ్చి ఇంటికి పంపొచ్చని. అక్కడ కాలం ఎక్కువ ఉండదని. "ఐయా, మీరేం చెబితే అదే" అన్నాడు.

క్యాన్సరనే మాట విన్నప్పుడు వరదప్ప మొహంలో ఏ మార్పూ లేదు. ఎప్పుడో తెలుసని అందరికీ అర్థమైంది. ఆయన పిడికిలి బిగించాడు, విప్పాడు, చెయ్యి వాల్చాడు. డాక్టరు అది ఏమిటన్నట్టు చుట్టూ చూశాడు. అమరావతి నోరు తెరవబోయింది.

"చాలంటాడు సార్," అన్నాడు రంగనాథన్. "ఇంటికి పోవల్లంటాడు. ఇన్ని దినాలూ అదే అడిగినాడు. నీళ్ళు కాదు. నేనే అబద్ధం చెప్పినా."

అని తండ్రి కాళ్ళ మీద తల పెట్టి బావురుమన్నాడు. వరదప్పకు లేచి కొడుకుని పట్టుకునే శక్తి లేదు. దుప్పటి కింద కాలివేళ్ళు మాత్రం కదిలి కొడుకు చెంపకు తగిలాయి. రంగనాథన్ ఆ పాదాన్ని రెండు చేతులతో మొహానికి అదుముకున్నాడు.

పొన్నమ్మ ఎడమచేతి బొటనవేలు సిరాలో అద్ది, చూపించిన చోట ఒత్తింది. సిస్టరు తుడుచుకోమని దూది ఇచ్చింది. దాన్ని ఆమె చేతిలోనే పట్టుకుని భర్త తలవైపుకు వెళ్ళింది.

"పోతాం పా," అంది ఆయన నుదుటి మీద చెయ్యి వేసి. "నీ మగ్గం కాడికి పోతాం."

వరదప్ప ఆ చెయ్యి పట్టుకుని చూశాడు. బొటనవేలికి అంటిన నీలం సిరా చూశాడు. ఎవరు వేశారో, ఎందుకు వేశారో ఆయనకు వేరే చెప్పనక్కర్లేకపోయింది. ఆ వేలిని తీసుకుని తన కళ్ళకు అద్దుకున్నాడు. సిరా ఆయన రెప్ప మీద మరకైంది. పొన్నమ్మ కొంగుతో తుడిచింది. ఆమె కళ్ళలో మాత్రం ఒక్క చుక్క రాలేదు.

మిషను తీసేశాక, బాడుగకు మాట్లాడుకున్న వ్యానులో సాయంత్రానికి ఇల్లు చేరారు. గొంతు రంధ్రం గుండా సన్నగా ఆడుతున్న ఊపిరి ఆ రాత్రంతా ఆడింది. రంగనాథన్ తండ్రి పక్కనే చాప వేసుకుని పడుకున్నాడు. చిన్నప్పుడు మగ్గం గుంటలో పడి దెబ్బ తగిలించుకున్నదీ, ఉద్యోగం దొరికిన దినం నాయన వీధంతా బెల్లం పంచినదీ ఏవేవో చెబుతూనే ఉన్నాడు. వరదప్ప కొడుకు చెయ్యి వదల్లేదు. మర్నాడు మధ్యాహ్నం, పొన్నమ్మ ఒడిలో తల ఉండగా, ఆ చెయ్యి దానంతట అదే వదులైంది.

వీధి వీధంతా కదిలింది. ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు. అమరావతి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. పొన్నమ్మ మాత్రం గోడకు ఆనుకుని కట్టెలా కూర్చుంది. ఏడవమని ముసలివాళ్ళు ఎంత బతిమాలినా ఏడవలేదు. దుఃఖం లోపల గడ్డకడితే మనిషికి మంచిది కాదని గుసగుసలాడుకున్నారు.

దీపాలు పెట్టేవేళకు శ్మశానం నుంచి వచ్చి, తడిబట్టలతోనే రంగనాథన్ తల్లి ముందు నిలబడ్డాడు. ఆమె తలెత్తి కొడుకు మొహంకేసి కాదు, కుడిచేతికేసి చూసింది.

"కొరివి పెట్టేటప్పుడు చెయ్యి వణికిందా రంగా?"

"లేదు మ్మా."

"ఒగ రవ్వన్నా?"

"లేదు మ్మా. నిలకడగానే పెట్టినా."

"అంతే చాలు నాయనా," అంది పొన్నమ్మ. "దానికోసరమే కదా ఆ ముద్ర నేనేసింది."

అంతవరకూ బిగబట్టుకున్నదంతా అప్పుడు తెగింది. కొడుకు తడి పంచె పట్టుకుని, సిరా మరక ఇంకా పోని బొటనవేలు నేలకేసి రుద్దుతూ, పొన్నమ్మ గుండెలు పగిలేలా ఏడ్చింది.