కలిపి కట్టిన దీపాలు

కసీవ నార సంచిలో తమ్ముడి తెల్లచొక్కా కుక్కుతోంది. దాని మీద స్వెటరు. పక్కన ఉడికించిన మొక్కజొన్న, చిక్కుడు గింజల డబ్బా.

సంచి మూతి లాగి ముడి బిగిస్తుంది. భయంతో కాదు... కోపంతో.

ఆదివారం పొద్దు వాలుతోంది. ఇసుక ముఠా లారీ పొద్దుటి నుంచీ సంత దగ్గరే తిరుగుతోంది.

"కోర్టు రేపు కదక్కా. ఇప్పుడే ఎందుకు తరుముతున్నావు?" అంటాడు తమ్ముడు ముసెంబి.

"మచాకోస్ పట్నంలో లాయరు ఇంట్లో పడుకుంటే తెల్లారి లేస్తావు. ఇక్కడ పడుకుంటే లేస్తావని నేను చెప్పలేను. చెప్పులు వేసుకో."

ఏటి కాపలా ముసలాయన్ని ఇసుక ముఠావాళ్లు పారలతో కొట్టి చంపారు. చూసినవాళ్లు ఊళ్లో చాలామంది. చూశానని చెప్పినవాడు ముసెంబి ఒక్కడే.

గుమ్మంలో కసీవ మొగుడు కియోకో. మొగుడూ పెళ్లాం ఒకే కార్ల రిపేరు యార్డులో మెకానిక్కులు. ఆమెది వైర్ల పని. అతనిది చక్రాల పని.

"కారు సిద్ధం. యాక్సిల్ రబ్బరు చిరిగితే నిన్ననే మార్చాను. ఇక బయల్దేరండి."

"నువ్వూ రా బావా."

"యార్డు ఎవరు చూస్తార్రా? మీ అక్క నడుపుతుందిలే. నాకంటే బాగా నడుపుతానని ఊరంతా చాటుతుందిగా."

ముసెంబి నవ్వుతాడు. కసీవ నవ్వదు.

కొండ దిగే దారి. ఎడమ పక్క రాతి గోడ. కుడి పక్క లోయ.

మొదటి పెద్ద మలుపు. కసీవ బ్రేకు తొక్కుతుంది.

గర్ర్ర్...

పెడల్ పాదం కింద గట్టున పడ్డ చేపలా కొట్టుకుంటుంది. కారు ఆగదు. కుడికి లాగుతుంది. లోయ వైపు!

"అక్కా..."

హ్యాండ్‌బ్రేకు. దుమ్ము. రాళ్లు జారి కిందికి దొర్లుతున్న చప్పుడు.

అంచు మీద ఆగింది కారు.

కసీవ రివర్సులో కారును గోడ పక్కకు చేరుస్తుంది. ఇంజను ఆపేస్తుంది.

"బ్రేకు పోయిందా?"

"పోలేదు. వదిలేసింది. పోవడం వేరు, వదిలేయడం వేరు."

ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సర్ ఉంటుంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో కంప్యూటరుకు అది చెబుతుంది. బ్రేకు వేసినప్పుడు ఒక చక్రం బిగుసుకుని జారుతోందనిపిస్తే, కంప్యూటరు ఆ చక్రానికి బ్రేకు సడలిస్తుంది. అదే ఏబీఎస్.

ఇక్కడ ఏ చక్రమూ జారలేదు. మరి దానికి అబద్ధం చెప్పిందెవరు?

అబద్ధమైతే డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ హెచ్చరిక దీపం వెలగాలి. ఎందుకు వెలగలేదు?

కసీవ మళ్లీ తాళం తిప్పుతుంది. ఏబీఎస్ దీపం, బ్యాటరీ దీపం... రెండూ వెలుగుతాయి. ఇంజను స్టార్ట్ చేస్తుంది.

రెండూ ఒక్క క్షణంలో ఆరిపోతాయి. అక్కాచెల్లెళ్లలా, కలిసి.

ఆమె పళ్లు బిగుసుకుంటాయి.

ఆ దొంగపని యార్డుల్లో అందరికీ తెలుసు. ఏబీఎస్ దీపం ఆరకుండా విసిగిస్తుంటే దాని వైరును బ్యాటరీ దీపం వైరుతో కలిపి కడతారు. ఇంజను స్టార్ట్ కాగానే రెండూ ఆరిపోతాయి. తనిఖీలో పోలీసు ఏమీ అనడు. రోగం మాత్రం లోపలే ఉంటుంది.

డ్యాష్‌బోర్డు ఊడబీకుతుంది. టార్చి వేస్తుంది.

ముడి మీద పసుపు టేపు.

వాళ్ల యార్డులో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి టేపు రంగు వాళ్లది. కారు తిరిగొస్తే, పని చేసినవాడే జవాబు చెప్పాలి. కసీవది నీలం.

పసుపు కియోకోది.

"జాకీ ఎక్కించు," అంటుంది తమ్ముడితో.

ఎడమ ముందు చక్రం లేచింది. సెన్సర్ ప్లగ్గు ఊడదీసి మీటరు తగిలిస్తుంది. "తిప్పు." ముసెంబి చేత్తో చక్రం తిప్పుతాడు. కరెంటు పుడుతోంది. సెన్సర్ బతికే ఉంది. వైరు తెగలేదు.

సెన్సర్ అబద్ధం చెప్పడం లేదు. చూసిందే చెబుతోంది.

అయితే అది చూసేదాంట్లోనే ఉంది మోసం.

టార్చి యాక్సిల్ మీదికి. సెన్సర్ ఎదురుగా తిరిగే పళ్ల రింగు. కుడి చక్రానికి సన్నటి పళ్లు, దగ్గరదగ్గరగా. ఎడమ చక్రానికి లావు పళ్లు, దూరదూరంగా. వేరే కారు రింగు! పళ్లు తక్కువైతే చక్రం నెమ్మదిగా తిరుగుతున్నట్టు లెక్క. జారుతోందనుకుని కంప్యూటరు బ్రేకు సడలిస్తుంది.

రబ్బరు కాదు మార్చింది. యాక్సిలే మార్చాడు. గ్రీజు ఇంకా కొత్తగా మెరుస్తోంది.

"పొరపాటేమో అక్కా. పాత సామాన్లలో దొరికింది వేసుంటాడు."

"పొరపాటు చేసినవాడు దీపం ఎందుకు కడతాడురా?"

జాకీ దింపి, ఏబీఎస్ ఫ్యూజు పీకి లోయలోకి విసిరేస్తుంది. ఇక కంప్యూటరు నోరు మూసుకుంటుంది. మామూలు బ్రేకు. తొక్కితే ఆగే బ్రేకు. ముందుకీ వెనక్కీ కదిపి చూస్తుంది. ఆగింది. తిన్నగా ఆగింది.

పైనుంచి మోటారుసైకిలు చప్పుడు.

కియోకో.

కారును చూస్తాడు. ముసెంబిని చూస్తాడు. అతని కళ్లు అంచు వైపు వెళ్లి వస్తాయి.

"ఫోను ఎత్తలేదేం? భయపడి చచ్చాను."

"బ్రేకు వదిలేసింది. బాగుచేశాను," అంటుంది కసీవ. తాళం ఉన్న చెయ్యి చాపుతుంది. "చీకటి పడుతోంది, నా కళ్లు సరిగా ఆనడం లేదు. కారు నువ్వు నడుపు. మేం బండి మీద ముందు వెళ్తాం."

కియోకో తాళం తీసుకోడు.

"తీసుకో."

"నువ్వే... నీకు అలవాటైన దారి కదా."

"నీకు మాత్రం కొత్తా? ఈ దారినే కదా నన్ను పెళ్లి చేసుకుని తీసుకొచ్చావు."

"కూర్చో బావా," అంటాడు ముసెంబి మెల్లగా.

కియోకో ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఆ ఒక్క అడుగూ అంతా చెప్పేసింది.

"యార్డు తగలబెడతామన్నారు కసీవా. మనిద్దర్నీ లోపల పెట్టి తగలబెడతామన్నారు. నేనేం చేసేది?"

"నాకు చెప్పేది. అంతే, నాకు చెప్పేది. రేకులు కాలితే సంతలో మళ్లీ దొరుకుతాయి. వీడు ఏ సంతలో దొరుకుతాడు? నన్ను కూడా వీడి పక్కన కూర్చోబెట్టి పంపావు..."

"నువ్వు బాగా నడుపుతావనుకున్నా..."

"థూ."

కొండ మీద పెద్ద లైట్లు. లారీ. పడిన కారును చూసుకోవడానికి దిగుతోంది.

ముసెంబి మోటారుసైకిలు ఎక్కేస్తాడు. గోడ చివర మేకల బాట ఉంది, ఏట్లోకి దిగుతుంది. కారు పట్టదు. లారీ అసలు పట్టదు. కసీవ తమ్ముడి వెనక కూర్చుంటుంది.

కియోకో ముఖం పాలిపోయింది. ఇక్కడ నిలబడితే సాక్షిని వదిలేశావని వాళ్లే చంపుతారు. పక్కన లోయ. వెనక లారీ.

కసీవ తాళం అతని కాళ్ల దగ్గర పడేస్తుంది.

"ఫ్యూజు పీకేశాను. బ్రేకు గట్టిగా ఉంది. నీ మీద ఎంత కోపమొచ్చినా నేను అబద్ధం చెప్పను. వేగంగా పో, తప్పించుకుంటావు."

బండి కిందికి దూకుతుంది.

ఏటి ఇసుకలోకి చేరాక ముసెంబి ఇంజను ఆపుతాడు. ఇద్దరూ పైకి చూస్తారు.

కారు కదిలింది. కానీ... పాకుతోంది. మొదటి గేరులో, ముసలి ఎద్దులా పాకుతోంది. మలుపు మలుపుకీ ఇంకా నెమ్మదిస్తోంది. బ్రేకు లైటు ఒక్కసారి కూడా వెలగదు.

ఆమె మాట అతను నమ్మలేదు.

"తొక్కు," అంటుంది కసీవ పైకి చూస్తూ. "తొక్కరా మూర్ఖుడా, అది పట్టుకుంటుంది... తొక్కు."

లారీ లైట్లు కారు లైట్లను అందుకున్నాయి.

తుపాకీ ఒక్కసారే పేలింది. మసకలో కారు నడుపుతున్నది ఎవరో వాళ్లు చూసుకోలేదు.

మర్నాడు ముసెంబి తెల్లచొక్కా వేసుకుని కోర్టులో నిలబడ్డాడు. చూసిందంతా చెప్పాడు.

తుపాకీ దెబ్బ తగిలిన కియోకో తిరిగి రాలేదు. ఆ ఆదివారం సాయంత్రం కొండ దిగాడు. అంతే.