కిటికీ పక్కన మేరమ్మ చోటు

దీవిలోని బతు బస్తీ తెలుగు చర్చిలో ఆ ఆదివారం బెన్‌హర్ సాక్ష్యం చెప్పడానికి లేచాడు. వండూర్ జెట్టీలో పడవ టికెట్లు ఇచ్చే మనిషి. తల్లి మేరమ్మ డెంగీతో పోయింది. ప్లేట్‌లెట్లు నిల్వ లేక, తెప్పించేసరికి రెండు రోజులు ఆలస్యమైంది. అందుకే రక్తదాన శిబిరంలో తాను రక్తం ఇచ్చానని, ఈపాటికి అది ఎవరి తల్లినో బతికించి ఉంటుందని చెప్పాడు.

కిటికీ పక్కన మేరమ్మ కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ఆమె పోయాక అక్కడ ఎవరూ కూర్చోలేదు.

వెనక వరసలో జూడీ తల దించుకుంది. బ్లడ్ బ్యాంకులో పరీక్షల పని ఆమెది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చి వెనకే కూర్చునేది. అక్కడినుంచి అతను బాగా కనిపిస్తాడు కూడా.

బయట వాన. ఇద్దరూ ఒకే రేకు కింద నిలబడ్డారు.

"బాగా చెప్పానా, టెస్టింగ్ మేడమ్?"

జూడీకి అబద్ధం రాదు. "నీ రక్తంలోంచి తీసిన ప్లేట్‌లెట్లు ఎవరికీ ఎక్కలేదు. కొత్త మెషిన్ టెస్టింగ్‌కి పోయాయి."

"మత్లబ్... అంటే, పారేశారా?"

ఆమె మాట వెతుక్కునేలోపే అతను వానలోకి నడిచాడు.

దాత రక్తం ఏమైందో బయట చెప్పకూడదు. చెప్పినా ఆ రోజు చెప్పకూడదు. వానాకాలమంతా ఆ మాట జూడీని వదల్లేదు. అతను చర్చికి రావడం మానేశాడు.

మళ్లీ రక్తం ఇచ్చే గడువు రాగానే మాత్రం బ్లడ్ బ్యాంకుకి వచ్చాడు. కూర్చుని చేయి చాచాడు. అయ్యాక జూడీ అతన్ని కిటికీ దగ్గరికి పిలిచి, ఒక ప్లేట్‌లెట్ల సంచిని వెలుతురుకు ఎత్తి మెల్లగా తిప్పింది. పసుపు ద్రవంలో పొగలా ఒక మెరుపు కదిలింది.

"బతికుంటేనే ఇలా మెరుస్తాయి. ఆ మెషిన్ వెలుగుతో క్రిముల్ని చంపుతుంది. క్రిములు చచ్చి ఇవి బతికాయని నీవాటిలాంటి సంచుల్లో చూశాకే పేషెంట్లకి వాడుతున్నాం. ఇప్పుడివి రెండు రోజులు ఎక్కువ నిల్వ ఉంటాయి. ఆ రోజు ఇదంతా చెప్పాల్సింది. సగమే చెప్పాను."

అతను సంచినే చూస్తున్నాడు.

"అమ్మకి ఆ రెండు రోజులే తక్కువయ్యాయి."

జూడీ సంచిని జాగ్రత్తగా దించింది.

తలుపు దాకా వెళ్లి అతను ఆగాడు. "ఆదివారం అమ్మ చోట, మా ఇంటి మనిషిలా కూర్చుంటావా? నాన్న అడగమన్నాడు. నేనూ అడుగుతున్నా."

ఏం అడుగుతున్నాడో ఆమెకు అర్థమైంది. "డ్యూటీ అయి వచ్చేసరికి లేటవుతుంది," అంది కళ్లు తుడుచుకుంటూ.

"అమ్మ కూడా లేట్‌గానే వచ్చేది."