సముద్రానికి గడప లేదు

1991 జూలై. నాలుగు రోజులుగా ముసురు. సిద్దిపేట పాత బస్టాండ్ వెనక, సైకిల్ షాపు మీది గదిలో ప్రైవేటు డిటెక్టివ్ కాశీనాథం కారుతున్న కప్పు కింద మూడో గిన్నె పెడుతున్నాడు. కరెంటు లేదు. స్టవ్వులో కిరోసిన్ లేదు. పొద్దుటి నుంచి చాయ్ లేదు.

"మీరు గిన్నె పెట్టిన జాగలనే చుక్క పడుతది సార్! ఎట్ల పసిగడ్తరు?" అన్నాడు అసిస్టెంటు బుచ్చిరాములు ఆరాధనగా.

"కింద తడి కనపడుతలేదా రాములూ?"

మెట్ల మీద గాజులు గలగలలాడాయి. కొత్త పెళ్లికూతురు, ఆమె భర్త, వాళ్ల వెనక నిలువునా తడిసిన ఒక పెద్దమనిషి లోపలికి వచ్చారు. ఆయన చంకలో ముడిచిన నల్ల గొడుగు ఉంది.

"సార్, మా అండమాన్ పోయింది!" అని ఏడ్చిందామె.

పేరు పద్మ. పెళ్లయి నలభై రోజులు. భర్త సుధాకర్‌కు బట్టల దుకాణం. పెద్దాయన ఆమె తండ్రి, చింతమడక రైతు ఉప్పలయ్య.

"గీ వానల అండమాన్ ఎవరు పోతరమ్మా?"

"అందుకే సార్! ఎవరు పోరని సముద్రం ముంగటి గది మాకు దొరికింది. ఎల్లుండి నుంచి ఆషాఢం, పెళ్లిళ్లుండయి, దుకాణంల ఈగలే. శ్రావణమొస్తే ఈయనకు బువ్వ తినే తీరికుండదు. ఇయ్యాల రెండింటి బస్సు, రాత్రికి సికింద్రాబాద్‌ల రైలు, శుక్రవారం మద్రాసుల ఓడ. ఓడ టికెట్లే లేవు! బీరువాల పక్కనే ఉన్న నగలు ముట్టలే."

"వేరే టికెట్లు ఇస్తరేమోనని మద్రాసుల ఓడ ఆఫీసుకు ట్రంకాల్ బుక్ చేసి ఒక రోజాయె. లైనే కలుస్తలేదు," అన్నాడు సుధాకర్ విసుగ్గా.

బుచ్చిరాములు పెద్దాయనకు తువ్వాల అందించాడు. "గొడుగుండి తడిసిన్రేంది?"

"కమ్మి ఇరిగింది బిడ్డా."

"టికెట్లు ఆఖరుకు ఎప్పుడు చూసినవమ్మా?" అన్నాడు కాశీనాథం.

"సోమవారం పగటీలి. ఆషాఢానికి నన్ను తోల్కపోదామని బాపు వచ్చిండు. నేనే సంబురంగ టికెట్లు చూపిచ్చి, బీరువాల పెట్టి చాయ్ పెట్టవోయిన. పొద్దుగూకినంక చూస్తే ఖాళీ కవరు!"

వాళ్ల ఇంటికి వెళ్లే దారిలో బుచ్చిరాములు కాశీనాథం చెవిలో గొణిగాడు. "అత్తనే సార్. ఆషాఢంల అత్తా కొత్త కోడలు ఒక్కటే గడప దాటొద్దు. ఇది మొగనితోటి ఓడెక్కుతనంటే ఊకుంటదా?"

అత్త భారతమ్మ వంటింట్లో మామిడి తొక్కు డబ్బాకు గుడ్డ కడుతోంది. పక్కన కారప్పూస మూట.

"ఇవి ఎవరికమ్మా?"

"ఓడలెక్కేటోళ్లకు. కోడలు నా ఇంట్ల ఉండొద్దు, కొడుకు అత్తగారింటికి పోవద్దు. సముద్రానికి గడప ఏడుంది నాయినా? నేనే పొమ్మన్న!"

బుచ్చిరాములు మొహం వాడిపోయింది.

పనిమనిషి కిష్టవ్వకు జ్వరమట, ఆదివారం నుంచి రాలేదు. కుప్పపడ్డ అంట్ల బోళ్లే సాక్ష్యం. పరుపులు ఎత్తారు, బియ్యం డ్రమ్ము గాలించారు. పన్నెండున్నర దాటింది. సర్దిన సూట్‌కేసు మీద కూర్చుని పద్మ గడియారాన్ని కొరికేలా చూస్తోంది. కాశీనాథానికి తన మీద తనకే చిరాకేసింది. ఎదురుగా ఉన్నదేదో కంటికి ఆనడం లేదు.

అప్పుడే ఉప్పలయ్య కాళ్లు కడుక్కోవడానికి వానలో వాకిలి దాటాడు. గొడుగు చంకలోనే ఉంది.

"రాములూ," అన్నాడు కాశీనాథం, "అందరిని లోపలి అర్రలకు పిలువు."

అందరూ వచ్చాక ఆయన మెల్లగా మొదలుపెట్టాడు. "దొంగ నగలు ముట్టలే, అంటే ఆశ కాదు. కిష్టవ్వ ఆనాడు లేనే లేదు. భారతమ్మ తొక్కు కట్టింది. దుకాణం ఖాళీగుందని సుధాకరే సీట్లు పట్టిండు. ఇగ టికెట్లు కండ్లార చూసినాయన ఒక్కడే మిగిలిండు. వాటిని దాచిండు గని పాడు చేసే మనసు లేదు. ఈ ముసురుల కాగితం తడవకుండ ఏడ పెడ్తడు? పటేలా, కమ్మి ఇరిగిన గొడుగును కాళ్లు కడుక్కునే కాడికి ఎవరు మోస్కపోతరు?"

ఉప్పలయ్య గొడుగును చంకలో ఇంకా బిగించాడు. కాశీనాథం గొడుగు అందుకుని విప్పాడు. ఒక్క కమ్మీ విరగలేదు. యూరియా సంచి ప్లాస్టిక్‌లో చుట్టిన టికెట్లు టప్పున కింద పడ్డాయి.

"బాపూ!"

"రేడియోల వాయుగుండం అన్నరు," అన్నాడు ముసలాయన. "కోమటి చెరువు నిండి మత్తడి దుంకితేనే నేను దూరం నిలబడేటోన్ని. నాకు ఒక్క బిడ్డవు. చింపుదామనుకున్న. నువ్వు నవ్వుకుంట చూపిచ్చిన కాగితాలాయె, చెయ్యి రాలే."

"భయమైతుందని నాతో చెప్పరాదే?"

"చెప్తే ఆగుతుంటివా?"

పద్మ ముక్కు తుడుచుకుంది. "ఆగకపోతుంటి."

భారతమ్మ పకపకా నవ్వింది. కాశీనాథం అన్నాడు: "నిన్నటి పేపరు చూడు పటేలా, గా వాయుగుండం ఒడ్డెక్కి కరిగిపోయింది."

రెండింటికి బస్టాండులో ఉప్పలయ్య గొడుగు విప్పి బిడ్డ మీద, అల్లుడి మీద పట్టాడు. తాను మాత్రం మళ్లీ తడిసి ముద్దయ్యాడు.

"మీరు ఎప్పుడు కనిపెట్టిన్రు సార్?" అన్నాడు బుచ్చిరాములు.

"ఆయన మన మెట్లెక్కినప్పుడే కనిపెట్టాలె. గిన్నెలు మార్చుకుంట కూసున్న," అన్నాడు కాశీనాథం చేదుగా.

బస్సు కదిలింది. కిటికీలోంచి పద్మ అరిచింది. "బాపూ, ఇగనన్న గొడుగు నీ మీద పట్టుకో!"

ఆయనకు వినపడలేదు. బస్సు వెళ్లిపోయిన ఖాళీ జాగా మీద గొడుగు అలాగే పట్టుకుని, వానలో నిలబడ్డాడు.